ఆ ఫొటోలో ఉన్నది అంబాసిడర్ కాదు

లెస్టర్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం, రెండు పాత ఫొటోల నకళ్ళు పంపారు. సొంత ఊరు తెనాలి. వయసు అరవై ఏడు. ముప్పై ఆరేళ్ళుగా ఇంగ్లండులోనే ఉంటున్నారు, రెండేళ్ళ క్రితం ఉద్యోగ విరమణ చేశారు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒక కారు ఉండేది, అది అంబాసిడర్ అని ఆయన నమ్మకం. వాళ్ళ నాన్నగారు ఎవరో వాడి అమ్మితే కొన్నది. ఆదివారం పొద్దున్నే దాన్ని కడగడం అన్నయ్య పని, బావి నుంచి బకెట్లు మోయడం ఈయన పని. 1976లో ఈయనకు ఇంజనీరింగ్ సీటు వచ్చేనాటికి నాన్నగారు లేరు. అన్నయ్య ఆ కారును విజయవాడ తీసుకెళ్ళి అమ్మేసి, ఫీజు డబ్బు లోపలి జేబులో పెట్టుకుని బస్సులో ఇంటికి వచ్చారు. తాళంచెవి కొన్నవాళ్ళకు ఇచ్చేసి, దాన్ని తగిలించుకునే తోలు బిళ్ళ మాత్రం తెచ్చుకున్నారు. ఆ బిళ్ళ ఇప్పుడు లెస్టర్‌లో ఈ పాఠకుడి బల్ల సొరుగులో ఉంది.

వచ్చే జూన్‌లో ఆ అన్నగారు, వదినగారు మొదటిసారి ఇంగ్లండు వస్తున్నారు. ఆయనకు డెబ్బై అయిదు దాటాయి. ఆయన వచ్చేసరికి అలాంటి కారే ఇంటి ముందు నిలబెట్టి, ముందుగా ఏమీ చెప్పకుండా ఎక్కించి తిప్పాలని ఈయన కోరిక. అంబాసిడర్ పుట్టింది ఇంగ్లండులోని మోరిస్ కార్ల నుంచే కాబట్టి, అలాంటివి రెండు చూసి పెట్టుకున్నారు. ఒకటి 1955 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్. రంగు వెలిసింది, సీట్ల తోలు పగిలింది, రెండేళ్ళుగా షెడ్డులో కదలకుండా ఉంది. భర్త పోయాక ఒక పెద్దావిడ అమ్ముతున్నారు, 4,200 పౌండ్లు అడుగుతున్నారు. రెండోది 1957 నాటి మూడో సిరీస్. కొత్తగా రంగు వేయించి తళతళలాడుతోంది. పాత కార్ల వ్యాపారి దగ్గర ఉంది, ధర 7,500 పౌండ్లు. ‘మా నాన్న కారు అంబాసిడరే కాబట్టి మూడో సిరీసే కొనాలని మనసు చెబుతోంది, జేబు రెండో సిరీస్ వైపు లాగుతోంది’ అని రాశారు. భార్యకు అసలు కారు కొనడమే ఇష్టం లేదు. ఆ డబ్బుతో మనవరాలితో సహా అందరం ఒకసారి తెనాలి వెళ్ళి రావచ్చు కదా అంటున్నారట. కూతురికి మాత్రం ఆ మెరిసే కారు నచ్చింది. మనవరాలికి రెండేళ్ళు, తాతయ్య కారులో తిరగాలని ఆ పిల్లకూ సరదాగా ఉంది. ‘రెండో సిరీసా, మూడో సిరీసా, ఒక్క మాటలో తేల్చండి’ అన్నది ఆయన ప్రశ్న.

*

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫొటోలు మాత్రం చాలాసేపు చూశాను, భూతద్దం పెట్టి కూడా చూశాను. ఒక్క మాటలో తేల్చలేను గానీ, మొదట చెప్పాల్సిన మాట ఒకటుంది. మీ నాన్నగారి కారు అంబాసిడర్ కాదు.

1966 అని వెనక రాసి ఉన్న మొదటి ఫొటోలో మీరు బానెట్ మీద కూర్చున్నారు, నాన్నగారు పక్కన చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆయన వేళ్ళకూ మీ నిక్కరుకూ మధ్య కనిపించే ఆ జానెడు రేకును చూడండి. నున్నగా ఉంది. అంబాసిడర్ బానెట్ అయితే ముందు నుంచి వెనక్కి పొడవుగా గాడులు తీసినట్టు గీతలు ఉండాలి. ఇక రెండో ఫొటో, మీ అక్కగారి పెళ్ళినాటిది. జనం వెనక కారు తోక భాగం కొంచెమే కనిపిస్తోంది. అయినా వెనక మడ్‌గార్డు గుండ్రంగా కిందికి జారిపోవడం తెలుస్తూనే ఉంది. అంబాసిడర్‌కైతే అక్కడ, వెనక దీపం పైన, చిన్న రెక్కలాగా అంచు పైకి లేచి ఉంటుంది. మీ నాన్నగారిది అంబాసిడర్‌కు ముందు వచ్చిన లాండ్‌మాస్టర్.

ఈ రెండింటి పుట్టుక తెలిస్తే మీ చిక్కులో సగం విడిపోతుంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీ కర్మాగారంలో మోరిస్ వాళ్ళు 1954లో ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ తెచ్చారు. 1952లోనే మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) అయ్యాయి. అందుకే పేరు మోరిస్‌ది అయినా లోపల ఉన్నది ఆస్టిన్ రూపొందించిన 1,489 సీసీ ఇంజన్. 1956లో అదే కారుకు గాడుల బానెట్, వెనక రెక్కలు, మధ్యలో లోపలికి గుంటగా ఉండే స్టీరింగ్ పెట్టి మూడో సిరీస్ చేశారు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు రెండో సిరీస్ ఆధారంగా లాండ్‌మాస్టర్ చేశారు, మూడో సిరీస్ ఆధారంగా అంబాసిడర్ చేశారు. కౌలీలో మూడో సిరీస్ 1959లోనే వెళ్ళిపోయింది. దాని స్థానంలో ఇటలీ వాళ్ళు గీసిన పలకల ఆకారం కారు వచ్చింది. పుట్టింట్లో మూడేళ్ళు బతికిన ఆ రూపం మన దేశంలో 2014 దాకా తయారవుతూనే ఉంది.

మరి మీకు అది అంబాసిడర్‌గా ఎందుకు గుర్తుండిపోయింది? ఇందులో మీ తప్పేమీ లేదు. ఆ కారు ఇంటి నుంచి వెళ్ళిపోయాక మీరు స్టేషనుకు వెళ్ళింది, పెళ్ళిళ్ళకు వెళ్ళింది, అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది అంతా అంబాసిడర్ టాక్సీల్లోనే అయి ఉంటుంది. ఆ తలుపు మూసిన చప్పుడు, ఆ సీటు వాసన, స్టీరింగ్ పక్కన ఉండే గేరు కడ్డీ, ముందు సీట్లో ముగ్గురు సర్దుకోవడం, అన్నీ రెండింటిలోనూ ఒకటే. ఉన్న కారు పేరు మాసిపోయి, ఊరంతా తిరుగుతున్న కారు పేరు దాని మీద పడింది. కాబట్టి ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగవలసింది ఇది: నాకు కావలసింది నాన్న చెయ్యి ఆనించిన కారా, లేక ఆ తర్వాత ఏళ్ళ తరబడి నన్ను మోసిన కారా? మొదటిదైతే అది రెండో సిరీస్. రెండోదైతే మూడో సిరీసే, అందులో చిన్నతనమేమీ లేదు. నేను దీనికి జవాబు చెప్పలేను.

నడిపే అనుభవం విషయానికి వస్తే ఈ రెండింటికీ తేడా తక్కువ. రెండిట్లో అదే ఇంజన్. మూడో సిరీస్‌లో శక్తి కాస్త ఎక్కువ. ముందు చక్రాలకు రెండిట్లోనూ టోర్షన్ బార్లే, అంటే మెలితిరిగే పొడవాటి ఉక్కు కడ్డీలు స్ప్రింగుల పని చేస్తాయి. వెనక కమాను పట్టీలు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. గరిష్ఠ వేగం గంటకు 70 మైళ్ళకు కాస్త అటూ ఇటూ. మోటార్‌వే మీద లారీ మీ వెనకే అంటుకున్నట్టు వస్తే గుండె దడదడలాడుతుంది, అది ఇప్పుడే చెబుతున్నాను. హీత్రూ నుంచి అన్నగారిని ఈ కారులోనే ఇంటికి తీసుకొస్తానని రాశారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. విమానంలో పది గంటలు కూర్చుని వచ్చిన పెద్దాయన్ని, రెండు పెట్టెలతో, వంద మైళ్ళ మోటార్‌వే మీద తేవడానికి ఇది బండి కాదు. లెస్టర్ చుట్టుపక్కల పల్లె దారుల్లో నలభై మైళ్ళ వేగంతో తిప్పండి, అక్కడ ఇది రాజులా నడుస్తుంది.

తేడా అంతా రేకులో ఉంది. సిరీసుల మధ్య కాదు, మీరు చూసిన ఆ రెండు కార్ల మధ్య.

ఈ కార్లకు విడిగా ఛాసిస్, అంటే అడుగున మోసే చట్రం, లేదు. ఒళ్ళే ఎముక. తలుపుల కింద పొడవుగా సాగే పెట్టెలాంటి ఉక్కు దిమ్మె, ముందు నేల, టోర్షన్ బార్లు వెనక్కి వచ్చి బిగుసుకునే అడ్డ దూలం, వెనక కమాను పట్టీలు వేలాడే చోట్లు, ఇవి తుప్పు పట్టాయంటే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, కారు నడుమే విరిగినట్టు. ఇంజన్ పాడైతే భయం లేదు. ఈ ఇంజన్ ఎంజీ కార్లతో సహా బీఎంసీ వాళ్ళ బోలెడు కార్లలో వాడారు, భాగాలు ఈనాటికీ దొరుకుతాయి, బాగుచేసే చేతులూ ఉన్నాయి. కానీ ఆక్స్‌ఫర్డ్ మడ్‌గార్డు, ఆక్స్‌ఫర్డ్ తలుపు అంగట్లో దొరకవు. పాత బండి నుంచి విప్పింది ఎవరైనా అమ్మాలి, లేదా రేకు కోసి చేయించాలి. మూడో సిరీస్‌కు ఇక్కడ ఒక చిన్న సౌకర్యం ఉంది: అంబాసిడర్ భాగాలు కొన్ని దానికి సరిపోతాయి. అలాగని ఇండియా నుంచి వచ్చేవాళ్ళతో గుడ్డిగా తెప్పించుకోకండి. 2014 దాకా ఆ కారు చాలాసార్లు మారింది, మీ దగ్గరున్న భాగం కొలతలు తీసుకున్నాకే అడగండి.

కొత్త రంగు గురించి నా అనుభవం చెబుతాను. పదిహేనేళ్ళ క్రితం నేను ఒక మోరిస్ మైనర్ కొన్నాను. అద్దంలా మెరిసే లేతనీలం రంగు చూసి మురిసిపోయి, వంగి కింద చూడకుండా డబ్బు ఇచ్చేశాను. మూడో వారం కడుగుతుంటే ఎడమ తలుపు కింద వేలు తగిలి లప్పం పెళ్ళ ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక ఉక్కు లేదు. ఉండలు చుట్టి కుక్కిన వార్తాపత్రిక కాగితాలున్నాయి, ఒకదాని మీద క్రికెట్ స్కోరు కూడా కనిపించింది. ఆ ఒక్క వైపు సరిచేయించడానికి కారు కొన్నంత ఖర్చయింది. మీ వ్యాపారి అలాంటివాడని అనడం లేదు. కానీ రంగు కొత్తదైనప్పుడు దాని కింద ఏముందో తెలుసుకునే బాధ్యత కొనేవాడిదే. వెలిసిన రంగు ఆ పని మీకు తప్పిస్తుంది, తుప్పు ఉంటే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈసారి రెండు కార్ల దగ్గరికీ ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. రంగు గీసుకోకుండా పలచని గుడ్డలో చుట్టి, తలుపుల కింద, చక్రాల పై అంచుల్లో, డిక్కీ నేల మీద మెల్లగా జరపండి. పట్టు వదిలేసిన చోట లప్పం ఉన్నట్టు. తర్వాత నాలుగు తలుపులూ ఒకసారి తెరిచి మూసి, అమ్మేవాళ్ళ అనుమతితో జాకీని ఒక పక్క పెట్టి చక్రం కాస్త నేల వదిలేదాకా ఎత్తించండి. ఇప్పుడు ఆ పక్క తలుపు మళ్ళీ తెరిచి మూయండి. ఇందాకటిలాగే హాయిగా మూసుకుంటే నడుము గట్టిగా ఉంది. అంచు రాసుకున్నా, మూసుకోకపోయినా, జాకీ కింద రేకు కరకరలాడినా, ఎంత మెరిసినా ఆ కారు వదిలేయండి. లాగ్‌బుక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, ఉన్న ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ కారు మీద ఉన్నవాటితో సరిపోలాలి, ఇది చెప్పనక్కర్లేదనుకుంటాను.

పెద్దావిడ కారు రెండేళ్ళు కదల్లేదు కాబట్టి ఖర్చు 4,200తో ఆగదు. బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోయి ఉంటాయి, రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి, టైర్లు కంటికి బాగున్నా పాతబడి ఉంటాయి. పెట్రోలు ట్యాంకు కడగాలి. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరును అది తినేస్తుంది. కాస్త ధర ఎక్కువైనా ఇథనాల్ తక్కువున్న సూపర్ పెట్రోలే పోయించుకోండి. సీసం లేని పెట్రోలుకు తగ్గట్టు వాల్వు సీట్లు మార్పించారా అని కూడా ఆవిడను అడగండి. ఆవిడ భర్త పద్ధతిగల మనిషైతే రసీదులు ఏదో బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంటారు. ఆ డబ్బా చూపించమని అడగండి. నాకైతే కారు ఎంత మెరిసినా రసీదుల కట్ట మీదే ఎక్కువ నమ్మకం.

అందువల్ల మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి. రెండో సిరీస్ ఒళ్ళు గట్టిగా ఉండి, మీరు ఇప్పుడే కొంటే, బ్రేకుల పని జూన్‌కు పూర్తవుతుంది, రంగు పని పూర్తవదు. అన్నగారు వెలిసిన కారే చూస్తారు. అందులో నష్టమేమిటో నాకు తెలియడం లేదు, ఆయన కడిగిన కారు కూడా కొత్తది కాదు కదా. మూడో సిరీస్ జాకీ పరీక్షలో నెగ్గితే వెంటనే నడుపుకోవచ్చు, మరమ్మతుల బెంగ తక్కువ, మీ అమ్మాయికీ సంతోషం. కానీ పెట్టే డబ్బు ఎక్కువ, పైగా నాన్నగారి కారు ఇది కాదని ఇప్పుడు మీకు తెలుసు. ఆ తెలివిడి స్టీరింగ్ పట్టుకున్న ప్రతిసారీ గుచ్చుతుందో లేదో మీరే ఆలోచించుకోవాలి. రెండూ పరీక్షలో తప్పితే తొందరపడకండి. జూన్ కోసం కొన్న కారుతో మీరు జూన్ తర్వాత కూడా బతకాలి. మోరిస్ యజమానుల క్లబ్బుల్లో చేరితే, రెండో సిరీస్ ఉన్నవాళ్ళెవరో ఒక మధ్యాహ్నం మీ అన్నగారిని సంతోషంగా తిప్పుతారు. పాత కార్లవాళ్ళు ఈ విషయంలో ఎంత ఉదారులో నేను చూశాను. కొనకుండానే మీ కోరిక తీరే దారి ఇది, దీన్ని చిన్నచూపు చూడకండి.

నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కారుకు ఇక్కడ రోడ్డు పన్ను కట్టనక్కర్లేదు, కారు రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఏటేటా చూసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. దీన్ని లాభంగా రాశారు మీరు. నేనైతే సంవత్సరానికి ఒకసారి డబ్బు కట్టి ఆ పరీక్ష చేయించుకుంటాను. బ్రేకులకు చట్టం సంగతి తెలియదు.

మనవరాలి మాట. ఈ కార్లు పుట్టినప్పుడు సీటు బెల్టులు లేవు. బెల్టులు లేని కారులో మూడేళ్ళు నిండని పిల్లలను ఎక్కించడం బ్రిటన్‌లో చట్టవిరుద్ధం. మూడు దాటినవాళ్ళు కూడా వెనక సీట్లోనే కూర్చోవాలి. బెల్టులు బిగించవచ్చు, కానీ రేకుకు ఊరికే బోల్టు వేస్తే సరిపోదు, వెనక బలమైన పలక అతికి, తెలిసినవాళ్ళ చేత చేయించాలి. మీరు ఏ కారు కొన్నా ఈ ఖర్చు కలుపుకోండి, లేకపోతే వచ్చే వేసవిలో ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది, మీరు ఎక్కించుకోలేరు.

ఇక మీ శ్రీమతి గారి గురించి మీరు రాసింది నాలుగు పంక్తులే. వాటిలోనే ఉంది, రెండు కార్లూ మూడేసి సార్లు చూసి వచ్చాక ఆవిడకు చెప్పారట. ఆవిడ తెనాలి ప్రయాణం మాట ఎత్తడం కారుకు అడ్డు చెప్పడమని మీరు అనుకుంటున్నారు. కాకపోవచ్చు. మీరు తెనాలిని లెస్టర్‌కు తేవాలనుకుంటున్నారు, ఆవిడ మనవరాలిని తెనాలికి తీసుకెళ్ళాలనుకుంటున్నారు. రెండూ ఒకే కోరికకు రెండు కొసలు. 4,200కూ 7,500కూ మధ్య ఉన్న 3,300 పౌండ్లు మీ ఇద్దరి ముందు బల్ల మీద పెట్టి మాట్లాడుకోండి. అందులో కొంత బ్రేకులకు, బెల్టులకు పోతుంది. మిగిలింది అందరి టిక్కెట్లకు సరిపోదేమో, ఆ ప్రయాణానికి మొదలు మాత్రం అవుతుంది. ఈసారి ఆవిడను కూడా పెద్దావిడ షెడ్డుకు తీసుకెళ్ళండి. వద్దని ఆవిడ చెప్పినా, చూసి చెప్పిన మాట అవుతుంది.

చివరగా ఆశ్చర్యపరచడం గురించి. ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన చోటు ఇదొక్కటే. మీ అన్నగారు ఆ కారును మీ ఫీజు కోసం అమ్మారు. నలభై తొమ్మిదేళ్ళుగా మీరిద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదని రాశారు. ఏమీ తెలియకుండా ఇంటి ముందు దిగిన మనిషికి ఒక్కసారిగా ఆ కారే ఎదురైతే సంతోషమే కలగవచ్చు. ‘నువ్వు అమ్మేశావు, నేను తెచ్చాను చూడు’ అని వినిపించినా వినిపించవచ్చు. మీ మనసులో అది లేదని నాకు తెలుసు, కానీ ఆయనకు తెలిసే దారి లేదు. ముందే చెబితే ఆ ఒక్క క్షణపు వింత పోతుంది. దానికి బదులు ఇప్పటి నుంచి జూన్ దాకా మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. ఏ చక్రం దగ్గర గ్రీజు ఎక్కువ పట్టేది, ఏ తలుపు ఎత్తి మూయాల్సి వచ్చేది, విజయవాడలో కొన్నవాళ్ళు ఎవరు, ఇవన్నీ ఆయన ఒక్కరికే తెలిసిన సంగతులు. ఎలా చేసినా నిర్ణయం మీదే. నేనైతే ముందే చెబుతాను.

డబ్బు ఇచ్చేలోపు ఒక్క ఫోను మాత్రం చేయండి. ఫొటో సంగతి ఎత్తకుండా అడగండి: అన్నయ్యా, ఆదివారాలు కడిగేటప్పుడు మన కారు బానెట్ చేతికి నున్నగా తగిలేదా, గాడులు తగిలేవా? ఆయన ఏమన్నారో నాకూ రాయండి.